ఇంజన్ లేదు కదా అని ట్రాలీని వదిలేయకండి



ఈసారి పంట గురించి కాదు, ట్రాలీ గురించి రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి. మన దిక్కు కొందరు డబ్బా అంటరు, కొందరు ట్రాలీ అంటరు, ఆంధ్ర దిక్కు ట్రక్కు అంటరు. ఏదన్నా ఒకటే, ట్రాక్టర్ వెనక తగిలించుకొని వడ్లు, పత్తి, పెంట మోసేది.

పోయినేడు రోహిణి కార్తెల నేను రెండు చక్రాల సెకండ్ హ్యాండ్ ట్రాలీ కొన్న. 90 వేలు పెట్టిన. అంతకు ముందు ఎన్నో ఏండ్లు కిరాయి ట్రాలీ మీదనే బతికిన. కోతల టైంల వాళ్ల ఇంటి చుట్టూ తిరుగుడు, వాన మబ్బు పడితే వడ్లు కల్లంలనే తడుసుడు, అదంతా మీకు తెలియంది కాదు. అందుకే సొంతానికి ఒకటి దొరికిందంటే సంబురపడ్డ. కొత్తగ నీలం రంగు వేసి ఉన్నది, వెనక డోరు మీద పువ్వుల బొమ్మలు. టైర్లు చూసిన, జాకీ లేపి దించి చూసిన, పైసలు ఇచ్చిన, తోలుకొచ్చుకున్న.

పత్తి ఏరుడు మొదలైంది. ఒకరోజు తొమ్మిది మంది ఏరేటోళ్లు, మా ఇంటామెతోటి పది మంది. పొద్దుగూకంగ అందరినీ డబ్బాల ఎక్కించుకొని ఊర్ల దింపిన. మళ్ల చేను కాడికి పోయి పత్తి బోరాలు వేసుకొని కాలువ కట్ట మీద వస్తున్న. ఎడమ చక్రం నుంచి కరకర చప్పుడు. పొద్దున కూడా ఆ చప్పుడు విన్న, ఇంటికి పోయినంక చూద్దాంలే అనుకున్న. ఇంకో వంద గజాలు పోయిన్నో లేదో, చక్రం ఊడి నా పక్క నుంచే దొర్లుకుంట పోయి కాలువల పడ్డది. డబ్బా ఎడమకు ఒరిగింది. మూడు బోరాలు నీళ్లల పడ్డయి. ట్రాక్టర్ ఆగింది, నేను బతికిన.

తెల్లారి మేస్త్రి వచ్చి చూపించిండు. లోపల గ్రీజు ఎండిపోయి తారు లెక్క అయింది. బేరింగ్ గుండ్లు నలిగి పొడి అయినయి. నట్టు ఊడకుంట వేసే స్ప్లిట్ పిన్ను లేదు. దాని జాగల ఎవరో కంచె తీగ ముక్క దూర్చి వంచిన్రు. ఆ తీగ ముక్క మీద ఆధారపడి నేను ఐదు నెలలు పెంట తోలిన, వడ్లు తోలిన, మనుషులను తోలిన.

రెండు రోజులు అమ్మిన ఆయన్ను తిట్టుకున్న. తర్వాత కూసొని ఆలోచిస్తే నాకే సిగ్గనిపించింది. ఆయన దగ్గర ఎన్నేండ్లున్నదో గని, నా దగ్గర ఐదు నెలలున్నది. ఆ ఐదు నెలలల్ల ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ మార్చిన, డీజిల్ ఫిల్టర్ మార్చిన, ఎయిర్ క్లీనర్ కడిగిన. ట్రాలీకి ఏం చేసిన? వానల బయట పెట్టిన, అంతే.

మనందరి తప్పు ఇదే అంటున్న నేను. ఇంజన్ ఉంటేనే సర్వీసింగ్ అనుకుంటం. ట్రాలీ అంటే ఇనుప తొట్టి, దానికేం రోగం వస్తది అనుకుంటం. కాని ట్రాక్టర్ చెడిపోతే ఆగిపోతది, పని ఆగుతది. ట్రాలీ చెడిపోతే ఆగదు. బోర్లపడ్తది, ఊడిపోతది, వెనక వచ్చేటోన్ని చంపుతది. రెండింట్ల దేనికి ముందు పానా పట్టాలె? పాత ట్రాలీ కొన్నోళ్లు మొదటి లోడు ఎత్తక ముందే దాన్ని విప్పి చూసుకోవాలె. నేను దెబ్బ తిన్నంక నేర్చుకున్నది మీకు వరుసగ చెప్తున్న.

మొదట చక్రాలు. ఖాళీ ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించి, చదునైన గట్టి నేల మీద పెట్టండి. రెండో చక్రానికి ముందు వెనక రాళ్లు పెట్టి, ఇరుసు కింద జాకీ పెట్టి ఒక చక్రం లేపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇరుసు కింద కట్టె మొద్దు కూడా పెట్టండి. చక్రాన్ని చేత్తో తిప్పి చెవి పెట్టి వినండి. మెత్తగ తిరగాలె. గరగర అంటే బేరింగ్ పోయినట్టే. తర్వాత పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ముందుకు వెనక్కి ఊపండి. లటలట కదిలితే బేరింగ్ వదులైంది లేదా అరిగింది.

చప్పుడు లేకున్నా, కదలకున్నా, కొన్న కొత్తల ఒక్కసారి హబ్బు విప్పించండి. పాత గ్రీజంతా డీజిల్‌తోటి కడిగేసి గుండ్లు చూడండి. నీలంగ మాడినట్టున్నా, గుంటలు పడ్డా మార్చుడే. మార్చేటప్పుడు లోపలి కోను, బయటి కప్పు జతగ మార్చాలె. ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే కొత్తది కూడా తొందరగనే పోతది. ఆయిల్ సీలు కొత్తది వేయించండి, అది పాతదైతే పొలంల నీళ్లు, బురద లోపలికి పోతయి. గ్రీజు పైపైన రాస్తే సరిపోదు, గుండ్ల మధ్యలకు అరచేత్తో ఒత్తి ఒత్తి నింపాలె. అట్లని హబ్బు ఖాళీ మొత్తం గ్రీజు కుక్కొద్దు, వేడెక్కితే సీలును తన్నుకొని బయటికి వస్తది. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుకుంట బిగించి, మళ్ల కొంచెం వదులు చేసి, పిన్ను రంధ్రం కలిసే కాడ ఆపాలె. స్ప్లిట్ పిన్ను ప్రతిసారి కొత్తదే వేయాలె. ఇరవై రూపాయలు కాదు దాని ధర. ఆ ఇరవై రూపాయల కాడనే మనం తీగ ముక్క వెతుకుతం.

నాకు రెండు దిక్కుల బేరింగులు, సీళ్లు, గ్రీజు, మేస్త్రి కూలి కలిపి 4,800 అయినయి. ముందే చేసుకుంటే అంతే అయితుండె. ఊడినంక హబ్బు, రిమ్ము, ఇరుసు చివర వెల్డింగు కలిపి ఇంకో 17 వేలు పైన పడ్డయి.

రోజూ చూసుకునే ఉపాయం ఒకటున్నది. ఐదారు కిలోమీటర్లు నడిచినంక ఆపి, వెలి వేళ్లతోటి హబ్బును మెల్లగ తాకి చూడండి. గోరువెచ్చగ ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత కాలుతుందంటే లోపల గ్రీజన్నా లేదు, నట్టన్నా ఎక్కువ బిగిసింది, బ్రేకున్న ట్రాలీ అయితే బ్రేకన్నా పట్టేసింది. ఒక దిక్కు చల్లగ, ఇంకో దిక్కు వేడిగ ఉంటే ఆ వేడి దిక్కే విప్పాలె. దీనికి పైసా ఖర్చు లేదు.

టైర్లు. చాలా ట్రాలీలకు లారీల నుంచి దిగిన పాత టైర్లే ఉంటయి. గాట్లు ఎంతున్నయని చూసి ఊరుకోకండి, పక్క గోడల పగుళ్లు చూడండి, దారాలు తేలినయేమో చూడండి. అరుగుడు చూస్తే రోగం తెలుస్తది. నడుమ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నరు. రెండు అంచులు అరిగితే గాలి తక్కువ. ఒక్క అంచే అరిగితే ఇరుసు వంగింది లేదా కమాన్ల కాడ వదులైంది.

కమాన్ పట్టీలు ఒక్కొక్కటి వేలు పెట్టి చూడండి, నడుమ విరిగిన పట్టీ దుమ్ముల కనబడదు. యూ బోల్టులు పెద్ద పానాతోటి బిగించండి. కొత్త బోల్టులు వేస్తే నాలుగు లోడ్ల తర్వాత మళ్ల బిగించాలె, అవి సర్దుకొని వదులైతయి. ట్రాలీ ట్రాక్టర్ వెనక నేరుగ రాకుంట పక్కకు పక్కకు నడుస్తుందంటే కమాన్ నడుమ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో చూడాలె. డ్రైవర్‌కు కూసున్న కాడ తెలువదు, వెనక బండి మీద వచ్చేటోన్ని అడగండి.

కొండి, పిన్ను. ఇక్కడ మనోళ్లు చేసే పని చూస్తే భయమైతది. అసలు పిన్ను పోతే ఇంటి స్లాబుకు తెచ్చిన సలాక ముక్క కోసి పెడతరు. ఆ సలాక అంత బరువు గుంజేందుకు చేసింది కాదు. కంపెనీ పిన్నే కొనండి, కింద లాకు పెట్టండి, గుంతల ఎగిరినప్పుడు లాకు లేని పిన్ను పైకి లేచి వచ్చేస్తది. ట్రాలీ కొండి లోపలి దిక్కు అరిగి సన్నబడ్డదా, వెల్డింగు కాడ వెంట్రుక వాసి పగులున్నదా, గ్రీజు తుడిచి వెలుతురుల చూడండి. పిన్ను తెగినా ట్రాలీ పూర్తిగ వదిలిపోకుంట ఒక మంచి గొలుసు వేసుకోండి.

లోడు వేసుడుల కూడా లెక్కున్నది. రెండు చక్రాల ట్రాలీకి బరువు ఇరుసు మీద పడి, కొంత ముందుకు ఉండాలె. వెనక్కి ఎక్కువ వేస్తే కొండిని పైకి లేపుతది, ట్రాక్టర్ వెనక టైర్లకు పట్టు పోతది. మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగు తిరగదు. బోరాలు వేసేటోళ్లకు ఇది చెప్పి వేయించుకోండి, వాళ్లకు ఎక్కడ సులువైతే అక్కడ వేసుకుంట పోతరు.

జాకీ. డబ్బా లేపి కిందికి దూరేటోళ్లు, దండం పెడ్త, అడ్డ దుంగ గట్టిగ పెట్టకుంట దూరకండి. ఒక్క పైపు పగిలితే చాలు, బయటికి వచ్చే టైం ఉండదు. ఖాళీ డబ్బాను కొంత లేపి పది నిమిషాలు దూరం నుంచి చూడండి. తనంతట తాను దిగుతుందంటే ఎక్కడో ఆయిల్ జారుతున్నది. పైపులు, జాయింట్లు తడిగున్నయేమో చూడండి. బయట ఎక్కడా తడి లేకుంటే జాకీ లోపలి సీళ్లు, లేదా ట్రాక్టర్ దిక్కు వాల్వు. ట్రాక్టర్ వెనక లిఫ్టు చేతులు కూడా అట్లనే దిగుతుంటే ఎక్కువగ రోగం ట్రాక్టర్‌దే. కుదుపులతోటి లేస్తుందంటే ముందు ట్రాక్టర్ల హైడ్రాలిక్ ఆయిల్ చూడండి, ట్రాలీ జాకీ తాగేది ఆ ఆయిలే. లీకు వెతికేటప్పుడు పైపు మీద చెయ్యి పెట్టకండి. ఆ ప్రెషర్‌కు సన్నటి ఆయిల్ ధార చర్మంలకు దిగుతది, చెయ్యి పోతది. అట్ట ముక్క పెట్టి చూడండి. డబ్బా లేపే ముందు తలెత్తి కరెంటు తీగలు చూసుడు మాత్రం మరువకండి. మన చేన్ల మీద తీగలు ఎంత కిందికి వేలాడుతయో మీకు తెలుసు.

అడుగు ప్లేటు. కొత్త రంగు చూసి మోసపోకండి, నేను మోసపోయిన. చిన్న సుత్తెతోటి కొట్టుకుంట పోండి. గట్టి ఇనుము ఖంగుమంటది, తుప్పు పట్టింది బొదబొద అంటది. పెంట, యూరియా, పొటాష్ వేసిన రోజు డబ్బా కడిగి, వెనక డోరు తెరిచి, కొంచెం వాలుగ పెట్టి ఆరబెట్టండి. ఎరువు తడి ఇనుమును తిన్నంత వాన కూడా తినదు. ఏడాదికోసారి గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి రంగు వేసుకోండి.

లైట్లు. ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ కలిసి మినుకుమినుకు మంటున్నయంటే బల్బులు మార్చి పైసలు పోగొట్టుకోకండి, ముందు ఎర్తు వైరు చూడండి. చాసీకి బిగించిన కాడ తుప్పు గీకి మళ్ల బిగిస్తే ఎక్కువసార్లు సరి అయితది. లైట్లున్నా లేకున్నా వెనక డోరు మీద ఎర్ర, రెండు పక్కల పసుపు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు తప్పకుంట అంటించండి. వడ్ల సెంటర్ కాడ వరుస పెట్టి రాత్రంతా రోడ్డు అంచున ట్రాలీలు నిలబెడతం. చీకట్ల బండి మీద వచ్చే పిల్లగానికి మన డబ్బా కనబడదు. వాడు ఎవరి కొడుకో, మన ఊరోని కొడుకే అయితడు. దుమ్ము పట్టిన స్టిక్కర్ వెలగదు, రోజూ బట్టతోటి తుడవండి.

బ్రేకులు. మన ట్రాలీలు చాలావాటికి బ్రేకే ఉండదు, బరువంతా ట్రాక్టర్ బ్రేకే ఆపాలె. రోడ్డు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ రెండు బ్రేకు పెడళ్లను కలిపి లాకు వేయండి. దుక్కిల విడదీసి అట్లనే రోడ్డెక్కితే, ఒక దిక్కే బ్రేకు పడి ట్రాలీ అడ్డం తిరుగుతది. దిగుడు కాడ న్యూట్రల్ వేసి డీజిల్ మిగుల్చుకునేటోళ్లకు నేను చెప్పేది ఏం లేదు, వాళ్ల ఇంటోళ్లు చెప్పాలె.

కాయితాలు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి ట్రాక్టర్‌తో సంబంధం లేకుంట వేరే నంబరు, వేరే ఆర్సీ ఉంటయి. కొన్న 30 రోజుల లోపల పేరు మార్పుకు పెట్టుకోవాలె. స్టాంపు పేపర్ మీద రాసుకొని ఊరుకుంటే, రేపు ఏదన్నా అయితే అమ్మినోడు, కొన్నోడు ఇద్దరూ తిరుగుతరు.

ఇగ అసలు మాట. మీల కొందరికి నచ్చకపోవచ్చు.

మనుషులను ట్రాలీల ఎక్కించుడు బంద్ చేయాలె అంటున్న. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా పీఏపల్లి మండలం వద్దిపట్ల కాడ కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువల పడి 9 మంది పోయిన్రు. ఆ బాధ తీరకముందే అదే ఏడు జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ కాడ ట్రాలీ మూసీ కాలువల బోర్లపడి 15 మంది పోయిన్రు. మూడు నెలలు కాకముందే రెండు. పోయినోళ్లల్ల ఆడోళ్లే ఎక్కువ, కూలికి పోయినోళ్లే. అప్పుడు మనందరం అయ్యో అన్నం. తెల్లారి మళ్ల డబ్బాలనే ఎక్కించుకున్నం. నేను కూడా ఎక్కించుకున్న.

మీరేమంటరో నాకు తెలుసు. "ట్రాలీ పెట్టకుంటే కూలోళ్లు రారు. ఆటో కిరాయి ఎవడిస్తడు? పత్తి ధర చూస్తే ఏరిచ్చిన కూలే మిగుల్తలేదు." నిజమే, నా దగ్గర కూడా పైసలు చెట్లకు కాస్తలేవు. కాని లెక్క చూడండి. ఒకే దిక్కు చేన్లున్న నలుగురం కలిసి ఆటో మాట్లాడుకుంటే ఒక్కొక్కరికి పడేది ఎంత? ఈ సీజన్ల మేం ముగ్గురం కలిసి అట్ల చేసినం. ఏరేటోళ్లు కూడా సంతోషపడ్డరు, నడుములు నొస్తలేవు అన్నరు. ఇంకోటి, సరుకు మోసే ట్రాలీకి కట్టిన ఇన్సూరెన్స్ దాంట్ల కూసున్న మనుషుల కోసం కట్టింది కాదు. ఏదన్నా జరిగితే పోయినోళ్ల పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాలె, మనం భూమి అమ్ముకోవాలె. ఆటో కిరాయి ముందు అది ఎంత?

ఇంకో అన్న అన్నడు నాతోటి, "నీ చక్రం ఊడింది కాబట్టి నువ్వు భయపడ్డవ్, మేం ముప్పై ఏండ్ల నుంచి తోలుతున్నం" అని. అన్నా, నా చక్రం కూడా ఊడే రోజు దాకా ఊడలే. ఇరవై నిమిషాలు ముందు ఊడితే ఈ పోస్టు నేను రాస్తుండకపోదును, నా గురించి పేపర్ల వస్తుండె.

చివరికి ఒక పని అనుకుంటున్న. మన ఊర్ల పశువులకు గాలికుంటు టీకాలు వేసే రోజు అందరం ఒక్క కాడికి తోలుకొని పోతం కదా. అట్లనే కోతలు మొదలయ్యే ముందు ఒక రోజు అందరం ట్రాలీలు బడి గ్రౌండుల పెడదాం. పెద్ద జాకీ ఒకటి, గ్రీజు డబ్బా ఒకటి, స్ప్లిట్ పిన్నులు, స్టిక్కర్లు అందరం కలిసి టోకుగ తెచ్చుకుందాం. మేస్త్రికి రోజు కూలి పంచుకుందాం. ఎవరి హబ్బు వాళ్లే విప్పి, ఎవరి పిన్ను వాళ్లే చూసుకుంటే పొద్దుగూకే వరకు ఊరు ట్రాలీలన్నీ అయిపోతయి. మా వాడల ఆరుగురు ఒప్పుకున్నరు. జాకీ నేను తెస్త.

మీ ట్రాలీ కొన్నప్పటి నుంచి హబ్బు ఎన్నిసార్లు విప్పిన్రో ఒక్కసారి యాది చేసుకోండి. యాదికి రాకుంటే, రేపు పొద్దున లోడుకు పోయే ముందు జాకీ పెట్టి చక్రం ఊపి చూడండి. చూసినంక ఎట్లున్నదో నాకు చెప్పండి.

ఉంట మరి. అందరికీ పంటలు మంచిగ రావాలె, అందరూ క్షేమంగ ఇండ్లకు చేరాలె.